ఎక్స్‌రే నక్షత్రం

స్టూలు ఎక్కి బీరువా పైనుంచి హదస్సా దించిన కవరు ఖాళీగా ఉంది. కిందటి వారం మనం ఆమెను అక్కడే, స్టూలు మీదే వదిలేశాం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు మాటలు. హదస్సా నాలుగేళ్ళ కూతురు జెరూషాని చంకనేసుకుని రెజిమెంటల్ బజార్‌లోని అత్తగారింటి నుంచి బోయిన్‌పల్లిలోని అన్న యెషయా ఇంటికి వెళ్ళిపోయి నెల దాటింది. భర్త ఎరిక్ తన చెయ్యి విరగ్గొట్టాడని ఆమె అంటోంది. బాత్‌రూమ్‌లో జారిపడి బెణికించుకుంది, విరగనేలేదు అని అతను అంటున్నాడు. అతను చర్చి కోయిర్‌లో ముందు వరుసలో నిలబడి పాడేవాడు. ముసలివాళ్ళకు మెట్లెక్కడానికి చెయ్యందించేవాడు. కనుక సంఘమంతా అతన్నే నమ్మింది. క్రిస్మస్‌నాడు ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళేముందు తగాదా పడ్డవాళ్ళను కూర్చోబెట్టి సమాధానపరచడం వాళ్ళకు ఆచారం. ఈ సాయంత్రం పాస్టర్ జ్ఞానశేఖర్‌గారి ఇంట్లో ఆ కూటం ఉంది. "విరిగిందని చూపియ్యి, ఇంక మిగిలినయన్నీ నమ్ముత. జన్మల నిన్ను ఆ ఇంటికి పంప. లేకుంటే మాత్రం పండగైనంక పాపను తీస్కొని పో" అని యెషయా చెల్లెలికి తెగేసి చెప్పాడు.

చూపించడానికి ఒకటుంది. దానికోసమే హదస్సా ఇవాళ పాప బట్టల వంకతో అత్తగారింటికి వచ్చింది. చెయ్యి విరిగిన మర్నాడు, కూరగాయలకని బయల్దేరి, మొగుడికి తెలియకుండా తీయించుకున్న ఎక్స్‌రే. దాన్ని హదస్సా ఇంట్లో అన్నిటికంటే భద్రమైన చోట దాచింది. మామగారు అబ్రహాం ఛాతీ జబ్బుతో పోయారు. ఆయన ఎక్స్‌రేలన్నీ ఒక పెద్ద కవర్లో బీరువా మీద ఉండిపోయాయి. పోయినవాడి ఊపిరితిత్తులు ఎవరు తీసి చూస్తారని ఆ అమ్మాయి ధైర్యం.

తీసి చూసింది. అత్తగారు మేబెల్.

మేబెల్ టీచరమ్మ పండగంటే పైసా పారేయని పండగ. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ సండే స్కూలు పిల్లలకు అలంకారాలు నేర్పింది ఆవిడే. పాత పెళ్ళికార్డులతో గంటలు, గుడ్డు పెంకులతో దేవదూతల తలలు, ఉడికించిన మైదా జిగురుతో న్యూస్‌పేపర్ గొలుసులు, చెప్పుల డబ్బాలతో పశువులపాక. అన్నిట్లోకీ పేరొచ్చింది ఎక్స్‌రే నక్షత్రానికి. బ్లీచింగ్ పౌడర్ కలిపిన బకెట్లో పాత ఫిల్ములు నానేసి, గిన్నెలు తోమే పీచుతో రుద్దితే నలుపంతా చిక్కటి సిరాలా దిగిపోతుంది. మిగిలిన ఫిల్ము లేత నీలంగా అద్దంలా తేలుతుంది. దాన్ని కత్తిరించి, వెదురు బద్దల చట్రానికి దారంతో కుట్టి, అడుగంటిన గోళ్ళరంగు సీసాలతో పువ్వులేసి, లోపల బల్బు వెలిగిస్తే బజారు నక్షత్రాలు దాని ముందు దిగదుడుపే. మంచు కురిసినా మెత్తబడదు. డిసెంబరు వచ్చిందంటే చాలు, "మీ ఇంట్ల పాత ఎక్స్‌రేలు ఉన్నయా?" అని ఆవిడ అడగని గుమ్మం ఉండేది కాదు. ఈ ఏడు ఒక్కటీ దొరకలేదు. ఆస్పత్రులవాళ్ళు బొమ్మలన్నీ ఫోన్లకే పంపిస్తున్నారట. అందుకని చివరికి మొగుడి కవరు మీద చెయ్యేసింది.

అబ్రహాం ఛాతీలు ఒక్కొక్కటే బకెట్లోకి వెళ్ళాయి. వాటి మధ్యలోంచి ఒక చెయ్యి వచ్చింది. సన్నటి ఆడ చెయ్యి. మూలన ఇంగ్లీషులో హదస్సా పేరు, సెప్టెంబరు తారీఖు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మణికట్టుకు కాస్త పైన, తెల్లటి ఎముకలో అడ్డంగా నల్లటి చీలిక. అదేమిటో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. మేబెల్ పేరు చదివింది, తారీఖు చదివింది, చీలిక చూసింది. వంటింటి తలుపు వైపు ఒకసారి చూసింది. ఫిల్మును బకెట్లో ముంచింది.

తెలియక కాదు, తెలిసే ముంచింది. ఈ సంగతి ఆవిడకూ మనకూ తప్ప నరమానవుడికి తెలియదు.

"అత్తయ్యా," అంది హదస్సా, స్టూలు దిగుతూ. "గీ కవర్ల మామయ్య ఎక్స్‌రేలు ఉండె గదా. ఏడున్నయి?"

మేబెల్ నేలమీద చాప పరుచుకుని కూర్చుని ఉంది. ఎదురుగా పూర్తయిన నక్షత్రం. చర్చి గేటుకు కట్టాల్సినది, అందుకని మనిషి ఎత్తు చేసింది. ఆవిడ గడ్డంతో అటు చూపించింది.

హదస్సా నక్షత్రం వంక చూసింది. కాసేపటికి గానీ అర్థం కాలేదు పాపం. అర్థమయ్యాక దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో రెక్కనూ చూసుకుంటూ వెళ్ళింది. అంతా లేత నీలం, మధ్యమధ్య ఎర్ర గోళ్ళరంగు పువ్వులు. ఎక్కడా ఏ ఎముకా లేదు.

"అన్నీ కడిగిండ్రా?"

"అన్నీ."

"ఒక్కటి సుత మిగలలేదా? చిన్నది... చెయ్యిది?"

మేబెల్ కత్తెర తీసి పక్కన పెట్టింది, మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "ఏం చెయ్యి?" అని అడిగింది. అడుగుతున్న తన గొంతు తనకే పరాయిదిలా వినిపించింది.

హదస్సా ఏడుస్తుందనుకుంది. అరుస్తుందనుకుంది. ఆ అమ్మాయి అవేవీ చేయకుండా గోడకు చేరగిలబడి, స్వెట్టర్ చేతుల్ని వేళ్ళదాకా లాక్కుని, ఇన్నాళ్ళూ అత్తగారికి చెప్పనిదంతా చెప్పుకుంటూ పోయింది.

"జెరూషా క్రేయాన్లతోని ఆయన పాటల పుస్తకం మీద గీసింది అత్తయ్యా. పిల్లను కొట్టవోతే అడ్డం పోయిన. నా చెయ్యి పట్టుకుని తలుపు సందుల పెట్టి మెల్లగ ఒత్తిండు. కోపంల గాదు. నా మొహం చూస్కుంట ఒత్తిండు. పిల్ల జూస్తున్నది. లోపల టక్కుమన్నది, అప్పుడు ఇడిసిపెట్టిండు. బయటికి చెప్తే ఈసారి దీనిదైతది అన్నడు, జెరూషా దిక్కు చూయించుకుంట."

మేబెల్ ఆ సాయంత్రం ఇంట్లోనే ఉంది. ముందుగదిలో టీవీ చూస్తోంది. లోపల ఏదో చప్పుడైంది. సౌండు పెంచింది.

"కట్టు కట్టించుకోనియ్యలే," అంది హదస్సా. "ఆ ఎక్స్‌రే సెంటరు చిన్నది, పాత మిషను. ఇది తప్ప ఇంకోటి ఉండదు మేడం, జాగ్రత్త అని ఆ సెంటరాయన మరీ మరీ చెప్పిండు. ఇప్పుడు మళ్ళ తీయిస్తే అతుక్కున్న ఎముక అగుపడ్తది. ఎప్పటిదో, చిన్నప్పటిదేమో అంటరు. ఎరిక్ అదే అంటడు. తారీఖు అందులనే ఉండె."

"హదస్సా..."

"మీరు పరేషాన్ గాకుండ్రి. మీకెట్ల తెలుస్తది? నేనే చెప్పకుండ దాచిన. మీ తప్పేం లేదు అత్తయ్యా."

అంటూ ఆ పిల్ల వంగి, ముసలావిడ మోకాలి మీద చెయ్యేసి నిమిరింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలంటే, ఆ క్షణాన మేబెల్‌కి ప్రాణం లేచొచ్చింది. తనను ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోవలసిన మనిషే క్షమించేసింది. ఆ హాయి ఎంతసేపో నిలవలేదు గానీ, వచ్చిన మాట నిజం. దాని వెనకాలే సిగ్గు వచ్చింది. ఒళ్ళంతా మంట పెట్టినట్టు వచ్చింది. చెప్పెయ్ అని లోపల ఎవరో అంటున్నారు. చెప్తే కొడుకేమవుతాడు? పోలీసులు, కోర్టు, పండగ పూట పేపర్లో పేరు. అబ్రహాం కొడుకు, తన కొడుకు. ఒక్క ఫిల్ము పోతే గొడవ దానంతటదే చల్లారిపోతుంది, పిల్ల ఇంటికొస్తుంది, అందరం కలిసి చర్చికెళ్తాం అనే కదా ఆ రోజు ముంచింది! పిల్ల ఏ ఇంటికొస్తుందో ఆ రోజు ఆలోచించలేదు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ఎరిక్ వచ్చాడు, నక్షత్రం తీసుకెళ్ళడానికి భుజాన వైరు చుట్ట వేసుకుని.

భార్యను చూసి నవ్వాడు. "అరె, ఎప్పుడొచ్చినవ్? పాప మంచిగున్నదా?" అని అడిగాడు. హదస్సా గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఆమె లేచిన తీరు చూస్తే, అతను ఏ గదిలోకొచ్చినా ఇలాగే లేచి నిలబడటం అలవాటని తెలిసిపోతుంది. మేబెల్ ఈ అలవాటు ఎన్నిసార్లు చూసి ఉంటుంది? మర్యాద అనుకుంది. కోడలు బుద్ధిమంతురాలని చర్చిలో చెప్పుకుంది కూడా.

ఎరిక్ కళ్ళు కవరు మీద పడ్డాయి, తర్వాత స్టూలు మీద. తెలివైనవాడు. "ఏం దేవులాడుతున్నవ్ హదస్సా?" అన్నాడు. కవరు తీసి లోపలికి చూశాడు. నక్షత్రం వంక చూశాడు. భార్య మొహం చూశాడు. మూడూ కలిపి చదువుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు.

"ఎక్స్‌రే తీయించినవా? నాకు చెప్పకుండ? మమ్మీ దాన్ని కడిగేసిందా?"

హదస్సా గోడకు ఇంకా దగ్గరగా జరిగింది.

ఎరిక్ నవ్వాడు. ఈసారిది పెదాల నవ్వు కాదు, లోపలి నుంచి పొంగుకొచ్చిన నవ్వు. వంగి తల్లి నెత్తిమీద ముద్దుపెట్టుకున్నాడు.

"చూసినవా హదస్సా? నేను చెప్తే ఇనవు. దేవుడు ఎవరి దిక్కున్నడో చూడు. మమ్మీ, నీకు తెల్వకుండనే దేవుడు నీ చేతులతోని చేయించిండు."

మేబెల్ రోజూ పొద్దున్నే మోకరించి ప్రార్థన చేసుకునే మనిషి. తన పాపాలు తనవి, దేవుడివి కావు అని నమ్మి బతికిన మనిషి. కొడుకు తిట్టి ఉంటే ఓర్చుకునేది. కొట్టి ఉన్నా, ఏమో, ఓర్చుకునేదేమో. తాను చేసిన పనిని తీసుకెళ్ళి దేవుడి మీద రుద్దేసరికి ఆవిడ ఒళ్ళు ఉడికిపోయింది.

"దేవుడు గాదు," అంది.

"ఏంది మమ్మీ?"

"దేవుడు చేయించలే. నేనే చేసిన. పేరు చూసిన, తారీఖు చూసిన, విరిగిన ఎముక చూసిన. చూసే ముంచిన. నీకోసం ముంచిన."

ఎరిక్ నవ్వు ఆగిపోయింది. మేబెల్ అతని వైపు చూడలేదు, కోడలి వైపు చూసింది. ఇందాక తన మోకాలి మీద పెట్టిన చేతిని ఆ అమ్మాయి వేడి తగిలినదానిలా వెనక్కి లాక్కుని, స్వెట్టర్‌లో దాచుకుంది.

"తెలిసి చేసిండ్రా?" అంది. చాలా మెల్లగా అంది. "నేను గిదంతా చెప్తుంటే... ఏం చెయ్యి అని అడిగిండ్రు గదా."

"సాయంత్రం పాస్టర్ అయ్యగారి ముందర చెప్త బిడ్డా. చూసిన అని నేనే చెప్త. ఫిల్ము పోతేంది, నేనున్న గదా."

హదస్సా జెరూషా బట్టల సంచి అందుకుని, వాళ్ళిద్దరి మధ్యలోంచి కాకుండా గోడ వెంబడి నడిచి బయటికి వెళ్ళిపోయింది. సందు చివర ఆటో ఆపుకుంటున్న గొంతు వినిపించింది. ఆపమని పిలవడానికి మేబెల్ ఏ మొహం పెట్టుకుని పిలుస్తుంది?

ఎరిక్ అరవలేదు. నక్షత్రాన్ని నలగకుండా గుమ్మం దాటించి పక్కింటివాళ్ళ ఆటో ట్రాలీలో పెట్టించాడు. తిరిగొచ్చి తల్లికి మంచినీళ్ళిచ్చాడు. "దా మమ్మీ, స్కూటర్ మీద కూసో. అయ్యగారు మనకోసం చూస్తుంటడు" అన్నాడు. దారిపొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. మేబెల్‌కి భయమేసింది. కన్నకొడుకు వీపు వెనక కూర్చుని భయపడటం ఆవిడకు అదే మొదటిసారి.

రాంగోపాల్‌పేట్‌లో పాస్టర్‌గారి ముందుగది ఇరుకు. ఒక వైపు కుర్చీలో జ్ఞానశేఖర్‌గారు, ఆయన పక్కన సంఘ పెద్దలిద్దరు. ఎదురుగా గోడవారన యెషయా, అతని పక్కన చున్నీ నిండా కప్పుకుని హదస్సా. పాస్టరమ్మగారు అందరికీ టీ, రోజ్‌కుకీలు పెట్టి లోపలికి వెళ్ళింది. ఎవరూ ముట్టుకోలేదు. ప్రార్థన అయ్యాక అయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా హదస్సా, ఏదో ఆధారం తెస్తనన్నవ్."

"పోయింది అయ్యగారూ," అంది హదస్సా. అంతే అంది. అత్తగారి పేరెత్తలేదు.

యెషయా చెల్లెలి వంక విసుగ్గా చూశాడు. అప్పుడు మేబెల్ లేచింది. ఎక్స్‌రే సంగతి, బకెట్టు సంగతి, తెలిసీ ముంచిన సంగతి ఏదీ మిగల్చకుండా చెప్పేసింది. చెప్తున్నంతసేపూ పెద్దల్లో ఒకాయన తల దించుకునే ఉన్నాడు. యెషయా కుర్చీ అంచుకు జరిగాడు. అతని మొహంలో నమ్మకం రావడం మేబెల్ కళ్ళారా చూసింది. తల్లి తన కొడుకు మీద ఎందుకు అబద్ధం చెప్తుంది? ఆ గదిలో అందరూ అదే అనుకుంటున్నారు. అయిపోయింది, పిల్లా తల్లీ బతికారు అనుకుని ఆవిడ కూర్చోబోయింది.

"మమ్మీ," అన్నాడు ఎరిక్.

గొంతులో కోపం లేదు. బెంగ ఉంది, ప్రేమ ఉంది. అయ్యగారి వైపు తిరిగి, "మమ్మీకి ఈ నడుమ జెర మతిమరుపు అయ్యగారూ. ఎవరన్న ఏడిస్తే చాలు, వాళ్ళు చెప్పింది తనే చూసిన అనుకుంటది. ఇయ్యాలనే హదస్సా ఇంటికొచ్చింది. అడగండ్రి, రాలేదా?" అన్నాడు. తల్లి చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. "నువ్వు అంత మంచిగ చూసినవ్ గదా మమ్మీ. ఎముక చూసిన, తారీఖు చూసిన అన్నవ్. ఏ చెయ్యి?"

"ఏందిరా?"

"విరిగింది ఏ చెయ్యి అంటున్న. కుడిదా, ఎడమదా?"

మేబెల్ నోరు తెరిచింది.

కిటికీకి ఎత్తి పట్టుకున్న ఫిల్ము కళ్ళముందుకొచ్చింది. కానీ ఎటునుంచి పట్టుకుందో గుర్తు లేదు. తిప్పి పట్టుకుంటే కుడి ఎడమవుతుంది. సరే, ఫిల్ము పోనీ. ఆ పిల్ల ఆ తర్వాత రెండు నెలలు తన ఇంట్లోనే తిరిగింది. కూరలు తరిగింది, బట్టలు పిండింది, ఆ చేత్తోనే తనకు అన్నం వడ్డించింది. ఏ చేత్తో? మేబెల్ ఎంత తవ్వుకున్నా ఒక్కటే దొరికింది. కోడలు దగ్గరికొచ్చినప్పుడల్లా తాను తల పక్కకు తిప్పుకున్నది, చిక్కుడుకాయల్లోకి, టీవీలోకి, గోడమీది క్యాలెండర్‌లోకి చూసినది. ఒకే కప్పు కింద బతికి ఆ అమ్మాయి దెబ్బను ఒక్కసారైనా చూడలేదు. ఆవిడ ఎటు చూడదో ఆ ఇంట్లో కొడుక్కు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. తెలిసే అడిగాడు.

"చెప్పండమ్మా," అన్నాడు యెషయా. అతని గొంతు బతిమాలుతోంది. "ఒక్క మాట. చాలు."

హదస్సా వైపు చూద్దామంటే ఎరిక్ అడ్డంగా వంగి ఉన్నాడు. అయ్యగారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. ఇంకాసేపు ఊరుకుంటే ఆ మౌనమే జవాబు అయిపోతుంది.

"కుడి చెయ్యి," అంది మేబెల్.

ఎరిక్ మెల్లగా వెనక్కి వాలి కూర్చున్నాడు. అతను తప్పుకున్న సందులోంచి కోడలు కనిపించింది. హదస్సా కళ్ళు మూసుకుని ఉంది. ఒళ్ళో ఉన్న, విరిగి అతుక్కున్న ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకుని, ఎవరి కంటా పడకుండా చున్నీ కిందకు లాక్కుంటోంది.

యెషయా ఆ చేతినే చూస్తున్నాడు.